జయపురం జెడ్‌కి ఆయిల్ కూలర్: వేయించాలా, వద్దా?

జయపురం జెడ్ · ఏప్రిల్ 6, రాత్రి 9:48

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. మాది కొరాపుట్ జిల్లా జయపురం. బండి 2011 నిస్సాన్ 370జెడ్, మాన్యువల్ గేరు, 3.7 లీటర్ల వీ6. మన దేశంలోకి 2010లో వచ్చిన బండి, అమ్ముడైనవి బాగా తక్కువ. బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 61 వేల కిలోమీటర్లు తిరిగింది.

ఆదివారాలు కొరాపుట్ మీదుగా సుంకి ఘాట్ దిగి సాలూరులో టిఫిన్ చేసి వెనక్కి వస్తాను. ఏడాదికి రెండుసార్లు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్తాను. సమస్య అక్కడే.

ఈ బండి డ్యాష్‌బోర్డు మీద మూడు చిన్న డయల్స్ ఉంటాయి: ఆయిల్ వేడి, ఓల్టేజీ, గడియారం. ఇన్నాళ్లూ నేను గడియారమే చూశాను. ఫిబ్రవరిలో ట్రాక్ మీద నాలుగో ల్యాపుకి ఆయిల్ ముల్లు 120 దాటింది. ల్యాపు 3.7 కిలోమీటర్లు, పెద్ద దూరమేం కాదు. ఆరో ల్యాపు మధ్యలో 135 పైకెక్కి, బండి ఒక్కసారిగా నీరసపడిపోయింది. ఎంత తొక్కినా రెవ్స్ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఎక్కవు. పక్కనున్న కుర్రాళ్లు చెప్పారు, ఆయిల్ 280 ఫారెన్‌హీట్ దగ్గరికి, అంటే మన లెక్కలో 138కి చేరితే ఇంజిన్ కంప్యూటరే రెవ్స్ కట్ చేస్తుందని. ఈ మోడల్‌కి అది పాత జబ్బేనట.

అందుకే ఆయిల్ కూలర్, అంటే ఆయిల్‌ని చల్లార్చే చిన్న రేడియేటర్ లాంటిది, వేయిద్దామని ఉంది. నా ప్రశ్నలు: ఎంత సైజు కూలర్ వేయాలి? థర్మోస్టాట్ కావాలా? హోస్ పైపులు ఇక్కడే చేయించుకోవచ్చా, బయటి నుంచి తెప్పించాలా? ఇక్కడి మిస్త్రీ ఒకాయన "ఏముంది సార్, రెండు పైపులు, ఒక రేడియేటర్ ముక్క" అంటున్నాడు. ఆ ధీమా చూస్తేనే నాకు టెన్షన్.

సాలూరు లారీ · ఏప్రిల్ 6, రాత్రి 10:15

బాబూ, సుంకి ఘాట్‌లో నా ముందు నుంచి సర్రుమని పోయే పసుపు బండి నీదేనా? అయితే ఓ ఆదివారం ఆగు, టీ తాగుదాం.

మా లారీలకు ఆయిల్ కూలర్ కంపెనీ నుంచే ఉంటుంది. ముందు వేలాడేది కాదు, ఇంజిన్ పక్కన నీళ్లలో మునిగి ఉంటుంది. లోపల పలకల్లో ఆయిల్, బయట రేడియేటర్ నీళ్లు. అది చిల్లిపడిందా, ఆయిల్ ప్రెషర్ ఎక్కువ కాబట్టి ఆయిలే నీళ్లలోకి పోతుంది. రేడియేటర్ మూత తీస్తే పైన నల్లగా తేలుతూ ఉంటుంది. దామన్‌జోడి లోడు ఎత్తుకుని ఘాట్‌లో బ్రేకుల మీద దిగుతూ ఉంటే నేను చూసే మొదటి ముల్లు నీళ్లది కాదు, ఆయిల్ ప్రెషర్‌ది. నీ బండిలో ఆ ముల్లు ఉందా?

రాయగడ రాజు · ఏప్రిల్ 6, రాత్రి 11:02

కూలరూ గీలరూ ఎందుకన్నా, 20డబ్ల్యూ-50 పోసెయ్. చిక్కటి ఆయిల్ వేడికి తట్టుకుంటుంది. నా పాత జీపుకి అదే పోస్తాను. రాయగడ ఎండల్లో మే నెలంతా తిరిగినా ఏం కాలేదు. 1500లో పని అయిపోతుంది.

కొరాపుట్ కాఫీ · ఏప్రిల్ 7, ఉదయం 6:30

రాజు గారూ, జీపు వేరు, ఇది వేరు. నేను కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకునే మనిషిని. ఆ వైపు నుంచి చెప్తాను.

ఆయిల్ డబ్బా మీద వెనక ఉండే 30, 40, 50 అంకెలు 100 డిగ్రీల దగ్గర దాని చిక్కదనానికి పెట్టిన తరగతులు. 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటిస్టోక్‌ల (చిక్కదనం కొలమానం) లోపు. 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. వేడి పెరిగే కొద్దీ రెండూ పల్చబడతాయి. 100 దగ్గర 11 ఉన్న 5డబ్ల్యూ-30, 130కి వెళ్లేసరికి దాదాపు సగానికి దగ్గరగా పడిపోతుంది. రాజు గారి 50 ఆ వేడిలో దాదాపు మామూలు 30లా నిలబడుతుంది, నిజమే. కానీ డిసెంబరులో సెమిలిగుడలో తెల్లవారుజామున బండి స్టార్ట్ చేస్తే అది తేనెలా ఉంటుంది. పైగా ఈ ఇంజిన్‌లో ఇన్‌టేక్ వాల్వుల టైమింగ్ ఆయిల్ ప్రెషర్ మీదే కదులుతుంది. కంపెనీ చెప్పింది 5డబ్ల్యూ-30. అక్కడి నుంచి 5డబ్ల్యూ-40కి వెళ్లొచ్చు, అంతకంటే దూకొద్దు.

ఇంకోటి. చిక్కటి ఆయిల్ పోస్తే వేడి తగ్గదు. లోపల రాపిడి పెరిగి ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువే కావచ్చు. వేడి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆక్సిడేషన్ (ఆయిల్ ఆక్సిజన్‌తో కలిసి చెడిపోవడం) వేగం ఇంచుమించు రెట్టింపు అవుతుందని మోటు లెక్క. 100 దగ్గర ఉండే ఆయిల్‌కీ 130 దగ్గర ఉండే ఆయిల్‌కీ మధ్య ఆ లెక్కన 8 రెట్ల తేడా.

జెడ్ గారూ, ముందు లెక్కలు పెట్టండి. ఏ రోడ్డులో, బయట ఎంత ఎండలో, ఎన్ని రెవ్స్‌లో, ముల్లు ఎక్కడ నిలిచింది? అది లేకుండా కూలర్ సైజు చెప్పడమంటే, నాడి చూడకుండా మందు రాయడమే.

జయపురం జెడ్ · ఏప్రిల్ 14, సాయంత్రం 7:20

కాఫీ మేడం చెప్పినట్టు వారం రోజులు ఒక నోట్‌బుక్ పెట్టాను. మా ఆవిడ పక్క సీట్లో కూర్చుని రాసింది, అందుకే అక్షరాలు బాగున్నాయి.

జయపురం నుంచి కొరాపుట్, ఉదయం 7, బయట 26: ఆయిల్ 94 దాటలేదు. అదే రోడ్డు మధ్యాహ్నం 2, బయట 38: 103. పొట్టంగి నుంచి సుంకి వైపు దిగుడు, ఇంజిన్ బ్రేకింగ్‌లో: 98. సాలూరు నుంచి పైకి, మధ్యాహ్నం, లారీల వెనక రెండో గేరులో గంటకి 15 వేగంతో: 109. అదే ఎక్కుడు, రోడ్డు ఖాళీగా, మూడో గేరులో 5 వేల రెవ్స్ మీద: 114. ఇదే అత్యధికం. నీళ్ల ముల్లు ఎప్పుడూ కదల్లేదు.

అంటే ఘాట్‌లో నేను అనుకున్నంత ప్రమాదం లేదు. ట్రాక్‌లోనే 135.

లారీ అన్నా, బండి పసుపు కాదు, ఎరుపు. ప్రెషర్ ముల్లు లేదు.

గాజువాక గేర్లు · ఏప్రిల్ 14, రాత్రి 8:55

ఇదీ పద్ధతి. ఈ అంకెల్లోనే జవాబు ఉంది. ఆయిల్‌ని వేడెక్కించేది కొండ కాదు, రెవ్స్. బేరింగుల మధ్య ఆయిల్ నలిగినప్పుడు పుట్టే వేడి రెవ్స్ కంటే వేగంగా పెరుగుతుంది. ఘాట్‌లో 5 వేలు పది సెకన్లు ఉంటాయి, మలుపు వస్తుంది, వదిలేస్తారు. ట్రాక్‌లో 15 నిమిషాల పాటు 5 వేల కిందికి రాదు.

నేను గాజువాక ఆటోనగర్ వైపు పని చేస్తాను. ఈ మోడల్ చేయలేదు గానీ కూలర్లు పది పన్నెండు వేశాను. నా మాటలు:

సైజు. ఈ బండికి దొరికే కిట్లలో 19, 25, 34 వరుసలవి (ఆయిల్ పారే పలకల వరుసలు) ఉంటాయి. రోడ్డుకి 19 చాలు. రోడ్డూ ట్రాకూ రెండూ అంటే 25. పూర్తి ట్రాక్ బండి అయితేనే 34. "పెద్దది వేస్తే ఇంకా మంచిదే కదా" అని మాత్రం అనుకోవద్దు. మీ నోట్‌బుక్‌లోనే ఉదయం 94 ఉంది. 34 వేస్తే అది 70కి దిగి కూర్చుంటుంది.

థర్మోస్టాట్. ఇది లేకుండా కొరాపుట్ జిల్లాలో కూలర్ వేయకండి. ఫిల్టర్ తీసిన చోట ఇంజిన్‌కీ ఫిల్టర్‌కీ మధ్య సాండ్‌విచ్ ప్లేట్ పెడతాం. అందులోనే థర్మోస్టాట్ ఉన్నది కొనండి. 80, 82 వచ్చేదాకా ఆయిల్‌ని దగ్గరి దారిలో తిప్పేసి, ఆ తర్వాతే కూలర్ వైపు వదులుతుంది. మూసి ఉన్నప్పుడు కూడా కొంచెం ఆయిల్ కూలర్‌లోకి వెళ్తూనే ఉంటుంది. అది లోపం కాదు. లైన్లలో గాలి ఉండిపోకుండా, లోపలి ఆయిల్ మరీ చల్లబడి ఉండకుండా అలా చేస్తారు. మీ ఇంజిన్‌కి ఫిల్టర్ మర 20 మిల్లీమీటర్లు, 1.5 పిచ్ (మర చుట్ల మధ్య ఎడం). ఆర్డర్ పెట్టే ముందు ఫిల్టర్ విప్పి చూసుకోండి.

చోటు. బంపర్ వెనక, ఏసీ కండెన్సర్ ముందు, మధ్యలో. గాలి కూలర్ చుట్టూ తప్పించుకుపోకుండా అంచుల్లో ఫోమ్ పెట్టండి. గాలి సోమరిది, సందు దొరికితే పక్కకే పోతుంది. పలకల్లోంచి దూరి రావడం దానికి ఇష్టం ఉండదు. ఇంకో సంగతి, కూలర్ వదిలిన వేడి గాలి తిన్నగా రేడియేటర్‌లోకే పోతుంది. కాబట్టి వేసిన తర్వాత నీళ్ల ముల్లు మీద కూడా కన్నేయండి.

పైపుల గురించి రేపు రాస్తాను, అది పెద్ద కథ.

సునాబేడ రిటైర్డ్ · ఏప్రిల్ 15, ఉదయం 5:50

సరదాగా ఒక మాట. నేను ఇక్కడి హెచ్ఏఎల్ విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీలో చేశాను, మిగ్ ఇంజిన్ల కాలం నాటివాణ్ణి. మీరు ఆయిల్‌ని గాలితో చల్లారుస్తున్నారు, లారీ తమ్ముడు నీళ్లతో చల్లారుస్తున్నాడు. జెట్ ఇంజిన్లలో ఆయిల్‌ని చల్లార్చడానికి ఇంధనాన్నే వాడతారు. కాలబోయే ఇంధనం ముందు ఆయిల్ వేడి తీసుకుని, తను కొంచెం వేడెక్కి, తర్వాత మంటలోకి పోతుంది. అటు ఆయిల్ చల్లబడుతుంది, ఇటు పైన చలిలో ఇంధనం గడ్డకట్టదు. వృథా అయ్యేది ఏమీ లేదు.

మీ బండికి పనికిరాదనుకోండి. ఊరికే చెప్పాను.

రాయగడ రాజు · ఏప్రిల్ 15, ఉదయం 9:10

మాస్టారూ, ఇలాంటివి ఊరికే చెప్తూ ఉండండి. నా 20డబ్ల్యూ-50 మాట వెనక్కి తీసుకుంటున్నాను. జీపుకి మాత్రం మార్చను.

బరంపురం బుల్లోడు · ఏప్రిల్ 15, మధ్యాహ్నం 1:35

పైపుల కథ గేర్లు అన్న చెప్పే ముందు నా కథ వినండి. సిగ్గు విడిచి చెప్తున్నాను.

నాది టర్బో పెట్రోలు సెడాన్. రెండేళ్ల క్రితం 16 వరుసల కూలర్ తెప్పించుకున్నాను. కిట్‌లో పైపులు కురచగా ఉన్నాయి. కొత్తవి తెప్పిస్తే మూడు వారాలంటే ఆగలేక, ఒక హైడ్రాలిక్ హోస్ షాపులో పైపులు కొట్టించి, ఒక లేత్ షాపులో అడాప్టర్లు చేయించాను. షాపుల పేర్లు వద్దు, తప్పు నా తొందరది.

కూలర్ మీద రంధ్రాల మర 22 మిల్లీమీటర్లు, 1.5 పిచ్. ఏఎన్-10 అనే అంగుళాల కొలత ఫిట్టింగ్ మర ఎనిమిదింట ఏడు వంతుల (7/8) అంగుళం, అంగుళానికి 14 చుట్లు. మిల్లీమీటర్లలో చూస్తే 22.2. కంటికి రెండూ ఒకటే. చేత్తో తిప్పితే మొదటి చుట్టు, రెండో చుట్టు హాయిగా ఎక్కుతుంది. మూడో చుట్టుకి బిగుస్తుంది. లేత్ ఆయన "కొత్తది కదా, బిగువుగానే ఉంటుంది" అని స్పానర్‌కి పైపు తొడిగి తిప్పాడు. ఎక్కింది. అల్యూమినియం కదా, ఎక్కకేం చేస్తుంది! ఉక్కు ఫిట్టింగ్ తన మర తనే కోసుకుంటూ లోపలికి పోయింది. నేను పక్కనే నిలబడి చూశాను. రంధ్రం అంచున వెండి రజను సన్నగా రాలింది. అది చూసి కూడా ఏమీ అనలేదు. ఇప్పటికీ నన్ను తినేసేది ఆ రజనే.

నాలుగు వందల కిలోమీటర్లు ఏమీ కాలేదు. తర్వాత ఒక ఆదివారం పిల్లలతో తప్తపాణి వేడినీళ్ల ఊట చూడ్డానికి వెళ్తుంటే, ఘాట్ ఎక్కుతుండగా ముందు కాలిన నూనె వాసన. పకోడీల బండి అనుకున్నాం, నిజంగా! అద్దంలో చూస్తే వెనక నీలం పొగ. ఎర్ర దీపం వెలిగిన క్షణంలో ఇంజిన్ ఆపేశాను. అదృష్టం, అక్కడ రోడ్డు కొంచెం వెడల్పుగా ఉంది. దిగి చూస్తే అడాప్టర్ దాని మరతో సహా ఊడొచ్చి పైపుకి వేలాడుతోంది. ఉన్న ఆయిల్‌లో సగానికి పైగా రోడ్డు మీద. వెనక బైకులు వస్తున్నాయి. నేనూ మా బావమరిదీ టవల్ ఊపుతూ, రోడ్డు పక్క మట్టి చేతులతో తోడి ఆయిల్ మీద చల్లాం. ఇంజిన్ బతికింది. ఎవరూ జారిపడలేదు. పిల్లలు వేడినీళ్ల ఊట మాత్రం చూడలేదు, ఇప్పటికీ దెప్పుతారు.

సాలూరు లారీ · ఏప్రిల్ 15, మధ్యాహ్నం 2:20

మట్టి చల్లావు చూడు, అది మంచి పని బుల్లోడా. చాలామంది ఫోటో తీసుకుని పోతారు.

అయితే హైడ్రాలిక్ పైపు తప్పంటే ఒప్పుకోను. జేసీబీకి అవే, టిప్పర్ జాకీకి అవే. రెండు వైర్ల పైపు ఎంత ప్రెషర్ కాస్తుందో తెలుసా? నీ బండి ఆయిల్ ప్రెషర్ దాని ముందు చీమ.

గాజువాక గేర్లు · ఏప్రిల్ 15, రాత్రి 9:30

అన్నా, ప్రెషర్‌కి కాస్తుంది. వేడికి కాయదు. టిప్పర్ జాకీ ఆయిల్ 70, 80 దాటదు. మామూలు రెండు వైర్ల హైడ్రాలిక్ పైపు లోపలి రబ్బరు 100 డిగ్రీల వరకే. పైపు మీద ముద్రించే 100ఆర్2 అనే ప్రమాణంలోనే ఆ హద్దు ఉంది. జెడ్ గారి ఆయిల్ 135కి వెళ్లింది. ఆ వేడిలో లోపలి రబ్బరు ముందు గట్టిపడుతుంది, తర్వాత పగుళ్లు, తర్వాత రేణువులు రాలతాయి. ఆ రేణువులు ఎక్కడికి పోతాయో ఆలోచించండి. పైన చూస్తే పైపు కొత్తదిలాగే ఉంటుంది.

కాబట్టి లోపల పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) ఉండి పైన స్టీల్ అల్లిక ఉన్నది తీసుకోండి, 200 డిగ్రీల దాకా దిగులు లేదు. లేకపోతే ఇంజిన్ ఆయిల్ కోసమే చేసిన మంచి రబ్బరు పైపు, 150 రేటింగ్ ఉన్నది. పీటీఎఫ్ఈ పైపుని మరీ చిన్న మలుపు తిప్పితే మడత పడుతుంది. ఒకసారి మడత పడితే ఆ ముక్క పారేయడమే.

బుల్లోడు చెప్పిన మర సంగతికి ఒకటే సూత్రం. అల్యూమినియంలోకి వెళ్లే ఏ ఫిట్టింగ్ అయినా చివరిదాకా రెండు వేళ్లతో తిరగాలి. స్పానర్ ఆఖరి పావు చుట్టుకే. మధ్యలో బిగిస్తే అది మీ చేతి బలం తక్కువై కాదు, మర వేరై. పిచ్ గేజ్ రెండు మూడు వందలకి దొరుకుతుంది, కొనుక్కోండి. బిగించేటప్పుడు కూలర్ వైపు ఒక స్పానర్, ఫిట్టింగ్‌కి ఒక స్పానర్. ఒక్కదానితో తిప్పితే కూలర్ మెడ మెలి తిరిగి అతుకు పగులుతుంది.

పర్లాకిమిడి పంతులు · ఏప్రిల్ 16, ఉదయం 10:05

నాది వ్యతిరేక ఓటు. ఏడాదికి రెండు రోజుల ట్రాక్ కోసం మిగిలిన 363 రోజులూ బండి ముందు నాలుగు కొత్త జాయింట్లు మోయాలా? ప్రతి జాయింటూ కారడానికి ఒక అవకాశం. 5డబ్ల్యూ-40 పోసి, నాలుగు ల్యాపులు గట్టిగా, ఒకటి నెమ్మదిగా నడపండి. ముల్లు 125 చూపితే లోపలికి వచ్చేయండి. పైసా ఖర్చు లేదు.

రెండోది, ఈ ఇంజిన్ల గురించి తెలిసినవాళ్లు ముందు అడిగేది టైమింగ్ కవర్ వెనక ఉన్న ఆయిల్ గ్యాలరీ (ఇంజిన్ లోపల ఆయిల్ పారే దారి) గాస్కెట్ సంగతి. ఆ కాలం బండ్లలో అది కాగితం రకం. అది చిరిగితే ప్రెషర్ లోపలే కారిపోతుంది, బయట చుక్క కనపడదు. కూలర్ వేస్తే ఆ జబ్బు తగ్గదు సరికదా, పొడుగు పైపుల వల్ల ప్రెషర్ ఇంకొంచెం తగ్గి అయోమయం పెరుగుతుంది. ముందు ప్రెషర్ చూపించుకోండి.

కొరాపుట్ కాఫీ · ఏప్రిల్ 16, రాత్రి 8:40

పంతులు గారి రెండో మాటకి నా ఓటు. మొదటి మాటకి సగం ఓటు.

మరీ చల్లగా ఉంచడం గురించి ఒక్కటి కలుపుతాను. పెట్రోలు కాలితే నీరు పుడుతుంది. అందులో కొంత పిస్టన్ పక్క నుంచి ఆయిల్‌లోకి దిగుతుంది, కాలని పెట్రోలు కూడా కొంచెం దిగుతుంది. ఆయిల్ అప్పుడప్పుడైనా 100 దగ్గరికి వెళ్తేనే అవి ఆవిరై పోతాయి. మా కాలేజీలో ఒకాయన క్వార్టర్స్ నుంచి కాలేజీకి రోజూ 2 కిలోమీటర్లే నడుపుతారు. చలికాలంలో ఆయన బండి ఆయిల్ మూత తీస్తే లోపల మీగడ కట్టినట్టు తెల్లగా ఉంటుంది. అది నీరు కలిసిన ఆయిలే. కూలర్ అక్కర్లేదు ఆయనకి, వీలైతే హీటర్ పెట్టుకోవాలి.

వేదిక నిర్వాహకుడు · ఏప్రిల్ 17, ఉదయం 8:00

కొటియా ఊళ్లు ఆంధ్రవా ఒడిశావా అనే చర్చ ఇక్కడ మొదలుపెట్టిన నాలుగు పోస్టులు తీసేశాను. అక్కడి రోడ్డు ఎలా ఉందో చెప్పదలిస్తే రోడ్ల విభాగంలో రాయండి.

జయపురం జెడ్ · జూన్ 22, రాత్రి 10:30

ఆలస్యానికి క్షమించాలి. పని అయ్యింది. వివరంగా రాస్తున్నాను.

పంతులు గారి మాట విని ముందు ప్రెషర్ చూపించాను. విశాఖలో మెకానికల్ గేజ్ పెట్టి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఐడిల్‌లో ఒకసారి, 2 వేల రెవ్స్‌లో ఒకసారి. కంపెనీ మాన్యువల్ అంకెల కంటే పైనే ఉంది. గాస్కెట్ బాగుందనే ధైర్యంతో ముందుకెళ్లాను.

25 వరుసల కూలర్, థర్మోస్టాట్ ఉన్న ప్లేట్, ఏఎన్-10 పీటీఎఫ్ఈ పైపులు. కస్టమ్స్‌తో కలిపి 68 వేలు అయింది. మా ఆవిడకి చెప్పింది వేరే అంకె, ఇక్కడ చూడదని ఆశ.

పని మా ఇంటి షెడ్డులోనే, రెండు రోజులు. "రెండు పైపులు, ఒక రేడియేటర్ ముక్క" అన్న మిస్త్రీయే వచ్చాడు. మంచి చెయ్యి, తొందర ఒక్కటే లోపం. బుల్లోడి పోస్టు ఫోన్‌లో చదివి వినిపించాను. రజను రాలిన దగ్గర చెయ్యి ఆపి, "అలా ఎవడు చేస్తాడు సార్" అన్నాడు. తర్వాత పిచ్ గేజ్ తనే అడిగి తీసుకున్నాడు.

బంపర్ విప్పడానికే గంటన్నర. క్లిప్పులు మూడు విరిగాయి. కూలర్‌ని నేరుగా ఇనుప పట్టీకి బిగించలేదు, నాలుగు మూలలా రబ్బరు బుష్‌లు పెట్టాం. బండి ఊగినప్పుడు అతుకుల మీద భారం పడకూడదని. పైపు మూతులు పైకి ఉండేలా నిలబెట్టాం, గాలి పైకి పోవాలి కదా. పెట్టే ముందు కూలర్‌లో ఆయిల్ నింపాం. కూలరూ పైపులూ కలిపి ముప్పావు లీటరు అదనంగా పట్టింది. మామూలుగా ఈ ఇంజిన్‌కి సుమారు 5 లీటర్లు.

ప్లేట్ పెట్టే ముందు పాత ఫిల్టర్ రబ్బరు ఇంజిన్ మూతికి అంటుకుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూశాం. ఉంది! పాత ఓరింగ్ అక్కడే ఉంది. దాని మీద కొత్తది పెట్టి ఉంటే రెండు రబ్బర్లు, గ్యారంటీగా లీకు. ఇది రాసి పెట్టుకోండి.

మొదటిసారి ఇంజిన్ వెలిగించకుండా, ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ తీసి, పది సెకన్ల చొప్పున మూడుసార్లు స్టార్టర్ తిప్పాం. ప్లేట్‌కి సెన్సర్ పెట్టుకునే చిన్న రంధ్రాలు ఉన్నాయి. ఒకదాన్లో ప్రెషర్ గేజ్ పెట్టించాను. లారీ అన్నా, ఇప్పుడు నా బండిలో కూడా ఆ ముల్లు ఉంది. మూడోసారికి లేచింది. అప్పుడు ఫ్యూజ్ పెట్టి స్టార్ట్ చేశాం.

ముసురులో సుంకి ఎక్కుడు: 91. ఉదయం కొరాపుట్: 86. వేడెక్కడానికి మునుపటి కంటే రెండు నిమిషాలు ఎక్కువ పడుతోంది.

గాజువాక గేర్లు · జూన్ 22, రాత్రి 11:15

చక్కగా చేశారు. 500 కిలోమీటర్లకి బంపర్ కింద టార్చి వేసి ప్రతి జాయింటూ తుడిచి చూడండి. ఫిల్టర్ మార్చినప్పుడు దానితో పాటు ప్లేట్ తిరగకుండా చేత్తో పట్టుకోండి, దాని మధ్య బోల్టు బిగువు చూడండి. పైపు ఎక్కడైనా ఇనుముకి తగులుతోందా? స్టీల్ అల్లిక ఆకురాయిలాంటిది. అది అరగదు, తగిలినదాన్ని అరగదీస్తుంది.

జయపురం జెడ్ · జులై 9, రాత్రి 9:05

అన్నా, నోరు మంచిది కాదు మీది! తగులుతోంది. కింది పైపు ఏసీ పైపుకి ఒక చోట ఆనుకుంది. అల్యూమినియం ఏసీ పైపు మీద గోరంత మేర తళతళలాడుతోంది. ఇంకో రెండు నెలలైతే గ్యాస్ అంతా పోయేది. పైపుకి రబ్బరు తొడుగు వేసి, క్లాంపుతో రెండు అంగుళాలు పక్కకి లాగి కట్టాం. పై జాయింట్ ఒకటి చెమర్చింది. పావు చుట్టు బిగిస్తే ఆగింది.

జయపురం జెడ్ · జనవరి 4, సాయంత్రం 6:40

డిసెంబరులో చెన్నై వెళ్లొచ్చాను. 9 ల్యాపులు ఆపకుండా. ఆయిల్ 116 దగ్గర నిలబడిపోయింది, రెవ్స్ కట్ కాలేదు. నీళ్ల ముల్లు ఒక గీత పైకెక్కి అక్కడే ఆగింది. ఆయిల్ ఇప్పుడు 5డబ్ల్యూ-40.

కొరాపుట్ కాఫీ · జనవరి 4, రాత్రి 7:55

సంతోషం. కానీ ఫిబ్రవరిలో బయట ఎంత, డిసెంబరులో ఎంత? ఆయిల్ కూడా మార్చారు. 19 డిగ్రీలూ కూలర్ ఖాతాలోనే రాయకండి.

జయపురం జెడ్ · జనవరి 4, రాత్రి 8:10

ఒప్పుకున్నాను మేడం. అప్పుడు 32, ఇప్పుడు 28. నాలుగు డిగ్రీలు తీసేసి 15 రాసుకుంటాను. మార్చిలో మళ్లీ వెళ్లి చూస్తాను.

ఇంతకీ కొత్త సమస్య. 9 ల్యాపులు తిరిగేసరికి పవర్ స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూతలోంచి పొంగింది, స్టీరింగ్ బరువెక్కింది. ఇంతకుముందు ఆరో ల్యాపుకే ఇంజిన్ నీరసపడిపోయేది కాబట్టి ఇది తెలియలేదు. దానికి కూడా చిన్న కూలర్ ఉంటుందట?

సాలూరు లారీ · జనవరి 4, రాత్రి 8:25

ఈసారి మీ ఆవిడకి ఏ అంకె చెప్తావు బాబూ?